రష్యన్‌ని ఎవరూ మర్చిపోలేదు

‘ది సొప్రానోస్’ అనే అమెరికన్ మాఫియా సీరియల్ గురించి ఎక్కడ మాట మొదలైనా, ఎవరో ఒకరు ‘పైన్ బారెన్స్’ ఎపిసోడ్ మీద ఒక వాదన తెస్తారు. చేతులు మారీ మారీ అది ఇప్పుడు దాదాపు నిజంలా చలామణి అవుతోంది. ఆ వాదన సారాంశం: ‘‘కథతో పనిలేని కామెడీ ఎపిసోడ్ అది, వదిలేసినా నష్టం లేదు. తలకి తూటా తగిలి కూడా పారిపోయిన రష్యన్ ఏమయ్యాడో చెప్పడం రచయితలు మర్చిపోయారు. లేదా, సీరియల్ ఆఖరి ఎపిసోడ్‌లో కథానాయకుడు టోనీని చంపడానికి వచ్చింది అతనే. ఇంకో సంగతి, దాన్ని నిజమైన పైన్ బారెన్స్ అడవిలోనే, నకిలీ మంచు పోసి తీశారు.’’

చూడనివాళ్ల కోసం కథ చెబుతాను. 2001 మే 6న హెచ్‌బీఓలో వచ్చిన ఈ ఎపిసోడ్ మూడో సీజన్‌లో 11వది. స్క్రిప్టు టెరెన్స్ వింటర్‌ది, దర్శకుడు నటుడు స్టీవ్ బుషెమీ. న్యూజెర్సీ మాఫియా నాయకుడు టోనీ సొప్రానో మనుషులు పాలీ, క్రిస్టఫర్ ఇద్దరూ వలేరీ అనే రష్యన్ దగ్గర డబ్బు వసూలుకి వెళ్తారు. మామూలుగా అది టోనీ మరో అనుచరుడు సిల్వియో పని, అతనికి ఫ్లూ వచ్చింది. డబ్బు చేతికొచ్చాక కూడా పాలీ ఊరుకోడు, వలేరీ రిమోట్‌ని కావాలని పగలగొడతాడు. మాటామాటా పెరిగి కొట్లాట అవుతుంది. వలేరీ చచ్చిపోయాడనుకుని డిక్కీలో వేసుకుని అడవికి తీసుకెళ్తారు. తీరా చూస్తే బతికే ఉన్నాడు. తన గొయ్యి తననే తవ్వమంటే, పారతో క్రిస్టఫర్‌ని కొట్టి పరుగు తీస్తాడు. పాలీ కాలుస్తాడు, తలకి తగిలినట్టే కనిపిస్తుంది. అంతే, మనిషి జాడ లేదు. వెతుకుతూ వెళ్లిన ఇద్దరూ మంచులో దారి తప్పి, పాడుబడ్డ వ్యానులో సాస్ ప్యాకెట్లు నాకుతూ రాత్రి గడుపుతారు.

‘వదిలేసినా నష్టం లేదు’ అనే మాట నుంచి మొదలుపెడదాం. అడవి బయట ఏం జరుగుతోందో గమనించనివాళ్లే ఆ మాట అంటారు. ఇదే ఎపిసోడ్‌లో టోనీ ప్రియురాలు గ్లోరియా, అతను మధ్యలో లేచి వెళ్లిపోతున్నాడన్న కోపంతో, వండిన మాంసాన్ని అతని తల వెనక్కి విసిరికొడుతుంది. తర్వాత టోనీకి చికిత్స చేసే సైకియాట్రిస్టు డాక్టర్ మెల్ఫీ అడుగుతుంది, ఇలాంటి ఆడమనిషి నీకు ఇంకెవరినైనా గుర్తుచేస్తోందా అని. టోనీ దగ్గర జవాబు ఉండదు. జవాబు మనకి తెలుసు: అతని తల్లి లివియా, ఆ సీజన్ మొదట్లోనే చనిపోయింది. తర్వాతి ఎపిసోడ్ ‘అమూర్ ఫూ’లో గ్లోరియా ముఖం మీదే టోనీ ఆ మాట అంటాడు, నువ్వు అచ్చం మా అమ్మవే అని. మెల్ఫీ ప్రశ్న వినకుండా దాటేసినవాడికి అక్కడ టోనీ మొహం ఎందుకలా మారుతుందో సగమే అర్థమవుతుంది. ఇక టోనీ కూతురు మెడో ఈ ఎపిసోడ్‌లోనే తన ప్రియుడు జాకీ జూనియర్ మోసాన్ని కళ్లారా చూసి తెంచుకుంటుంది. ఆ కుర్రాడు తర్వాతి వారం పేకాట మీద దోపిడీకి దిగుతాడు, సీజన్ ముగిసేలోగా ప్రాణం పోగొట్టుకుంటాడు. సీజన్ చివరి రెండు ఎపిసోడ్లకి దారి వేసినదాన్ని ఫిల్లర్, అంటే ఖాళీ నింపే ఎపిసోడ్ అంటే ఎలా?

‘రచయితలు మర్చిపోయారు’ అన్నది అన్నిటికంటే గట్టిగా వినిపించే ఆరోపణ, అన్నిటికంటే బలహీనమైనది కూడా. వలేరీని మళ్లీ చూపిద్దామని వింటర్ నిజంగానే అనుకున్నాడు. తలకి దెబ్బతిని, మాట పోయి, రష్యన్ల చోట ఊడుస్తూ క్రిస్టఫర్ కంట పడేలా ఒక సీను తయారైంది. ఆ సంగతి వింటరే తర్వాత చెప్పాడు. సీరియల్ సృష్టికర్త డేవిడ్ చేజ్ వద్దన్నాడు, సీను పోయింది. అంటే అది ఆలోచించి తీసుకున్న నిర్ణయం. ప్రతిదానికీ ముగింపు కావాలనే జనం పట్టు మీద చేజ్ బహిరంగంగానే విసుక్కున్నాడు. నాకైతే చేజ్ చేసిందే సరి అనిపిస్తుంది. ఆ ఊడ్చే సీను ఉంటే ఒక్క నిమిషం నవ్వుకుని, వలేరీని అక్కడితో మర్చిపోయేవాళ్లం.

పాత్రలు కూడా మర్చిపోలేదు. అయిదో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో, అంటే 2004లో, పాలీకీ క్రిస్టఫర్‌కీ మధ్య ఆ అడవి కథే మళ్లీ చిచ్చు పెడుతుంది. వాళ్ల మధ్య తెగిపోయింది ఏమిటో చూడాలంటే వ్యానులో గడిపిన రాత్రిని చూడాలి. ఆ మూడో సీజన్‌లోనే క్రిస్టఫర్ మాఫియాలో పూర్తి సభ్యుడయ్యాడు, పాలీ కింద పనిచేస్తున్నాడు. పోలీసుల కోసం ఒంటి మీద వైరు (మాటలు రికార్డు చేసే పరికరం) పెట్టుకున్నాడేమోనని పాలీ అతన్ని బట్టలు విప్పించి మరీ వెతికాడు. ఆ అవమానం లోపల పెట్టుకున్న కుర్రాడు, ఆకలితో, చలితో, పైవాడి మీద తుపాకీ ఎక్కుపెడతాడు. ఎపిసోడ్‌కి ఇరుసు అది. వలేరీ ఎక్కడున్నాడన్న ప్రశ్న వాళ్లని ఆ వ్యానులోకి చేర్చడానికే.

కామెడీ సంగతి. అవును, పడి పడి నవ్వుతాం. ఫోన్ సిగ్నల్ సరిగా లేక, వలేరీ రష్యా ఇంటీరియర్ మినిస్ట్రీ కమాండో, 16 మంది చెచెన్లని చంపాడని టోనీ చెబితే, పాలీ దాన్ని 16 మంది చెకోస్లొవేకియన్లని చంపిన ఇంటీరియర్ డెకరేటర్‌గా చేరవేస్తాడు. ఇల్లు చూస్తే అలా లేదే అంటాడు క్రిస్టఫర్. కానీ ఆ నవ్వు వెనక ఉన్నది చూడండి: జరిగింది జరిగినట్టు పాలీ టోనీకి చెప్పడు, తప్పంతా వలేరీదేనన్నట్టు చెబుతాడు. వలేరీ యజమాని స్లావా ద్వారానే టోనీ తన నల్లడబ్బు తిప్పుకుంటున్నాడు, పైగా వలేరీ స్లావాకి తమ్ముడిలాంటివాడు. ఒక రిమోట్ కోసం పాలీ ఆ వ్యాపారం మొత్తాన్ని గాలిలో పెట్టాడు. చివరికి టోనీ కూడా నిజం బయటికి లాగడు. వాడు తిరిగొస్తే బాధ్యత నీదే అని పాలీ నెత్తిన పెట్టి వదిలేస్తాడు. నాయకుడికి నిజం అక్కర్లేదు, నింద మోసేవాడు దొరికితే చాలు. టోనీ పతనానికి ఇంతకంటే స్పష్టమైన సీను ఆ సీజన్‌లో నాకు కనబడలేదు.

ఆఖరి ఎపిసోడ్ హంతకుడి కథకి ఎక్కువ శ్రమ అక్కర్లేదు. 2007 జూన్ 10న వచ్చిన ఆ ఎపిసోడ్ హోటల్ సీనులో అనుమానంగా కనిపించే మనిషి పాత్రధారి పాలో కొలాండ్రియా. వలేరీగా చేసింది విటాలీ బగనోవ్. ఇద్దరి ముఖాలు పక్కపక్కన పెట్టుకుంటే చాలు. ‘పైన్ బారెన్స్’లో మర్నాడు పాలీ కారు మాయమవడం నిజమే, వలేరీయే తీసుకెళ్లి ఉండొచ్చు కూడా. అక్కణ్ణుంచి ఆరేళ్ల తర్వాతి హత్య దాకా లాగడానికి తెర మీద ఏ ఆధారమూ లేదు.

ఇక లొకేషన్. పైన్ బారెన్స్ దక్షిణ న్యూజెర్సీలో చదునైన ఇసుక నేల మీద పరుచుకున్న పైన్ అడవి. తెర మీద ఉన్నవి రాళ్లూ, గుట్టలూ, ఆకు రాలిన చెట్లూ. అది న్యూయార్క్ రాష్ట్రంలోని హారిమన్ స్టేట్ పార్క్. మంచు స్క్రిప్టులోనే లేదు, అనుకోకుండా కురిసింది. మొదట న్యూజెర్సీలోనే ఎసెక్స్ కౌంటీ పార్కులో తీయాలనుకున్నారు. సీరియల్ ఇటాలియన్ అమెరికన్లని చెడ్డగా చూపిస్తోందంటూ కౌంటీ అధినేత జేమ్స్ ట్రెఫింగర్ అనుమతి ఇవ్వలేదు. 2003లో అవినీతి కేసులో ఆయనే కోర్టులో నేరం ఒప్పుకున్నాడు.