పగిలి వచ్చిన సరుకుకు రుజువు నేనెందుకు చూపించాలి?

"పార్శిల్ విప్పుతున్నప్పుడు వీడియో తీశారా?"

ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు పగిలి వచ్చిందని మొరపెట్టుకుంటే ముందుగా వినపడేది ఈ ప్రశ్నే. ఇది వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. డబ్బు ముందే కట్టించుకున్నది వాళ్లు. పెట్టెలో సర్దింది, లారీకెక్కించింది వాళ్లు. గోదాము నుంచి విజయవాడ సత్యనారాయణపురంలో మా గుమ్మం దాకా ఆ పెట్టె ఎన్ని చేతులు మారిందో, ఎవరు ఎక్కడ ఎత్తి పడేశారో నాకేం తెలుసు? అయినా పగలగొట్టింది నేను కాదని నేనే నిరూపించుకోవాలట!

మా అమ్మ కోసం మూడు బర్నర్ల గాజు పొయ్యి తెప్పించాను. పెట్టె పైకి చెక్కుచెదరలేదు, టేపు కూడా ఊడలేదు. విప్పి చూస్తే థర్మాకోల్ అచ్చు ఒక మూల నలిగి ఉంది, గాజు పలక మొత్తం కల్లుప్పులా గింజలు గింజలుగా రాలి పడి ఉంది. పొయ్యిలకు వాడే గట్టి గాజు పగిలితే అలాగే పగులుతుంది. నడిమధ్య బరువు పెట్టినా తట్టుకుంటుంది గానీ, అంచు మీద గట్టి దెబ్బ తగిలితే పలక మొత్తం ఒక్కసారిగా పోతుంది. నలిగిన ఆ మూల చూస్తే పెట్టె ఎటువైపు పడిందో ఎవరికైనా అర్థమవుతుంది. పెట్టెకు, అచ్చుకు, గాజుకు, చిరునామా చీటీకి విడివిడిగా ఫొటోలు తీసి పంపాను. జవాబు ఒక్కటే: వీడియో ఉందా?

ఎలాగో వాపసుకు ఒప్పించాను. వెనక్కి తీసుకెళ్లడానికి వచ్చిన కుర్రాడు పెట్టెలోకి తొంగి చూసి, "పగిలి ఉందండీ, ఇలా ఉంటే నేను తీసుకోకూడదు. తీసుకెళ్తే నా జీతంలో కోస్తారు" అన్నాడు. పగిలిందని వాపసు పెడితే, పగిలింది కాబట్టి తీసుకోరట! ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు, ఎండలో మెట్లెక్కి వచ్చినవాడు. అతను వెళ్లిన కాసేపటికే ఫోనుకు సందేశం వచ్చింది: "మీ కోరిక మేరకు వాపసు రద్దు చేశాం." ఆ అబద్ధమే నన్ను ఊరుకోనివ్వలేదు.

చట్టం ఏమంటుందో చూడండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చింది, ఆన్‌లైన్ అమ్మకాలకు ప్రత్యేకంగా నిబంధనలు 2020 జులైలో వచ్చాయి. లోపమున్న సరుకును, చెప్పినట్టు లేని సరుకును వెనక్కి తీసుకోననీ డబ్బు తిరిగి ఇవ్వననీ అమ్మకందారు అనకూడదు. ప్రతి కంపెనీకీ ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఆయన పేరు, సంప్రదించే వివరాలు సైట్‌లో కనపడాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల లోపల తేల్చాలి. "మేం వేదిక మాత్రమే, అమ్మింది వేరేవాళ్లు" అని తప్పించుకునేవాళ్లు కూడా ఫిర్యాదుకు ఒక నంబరు ఇచ్చి తీరాలి. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల్లో డబ్బు తిరిగి ఇవ్వకపోవడాన్ని చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. ఆ నిబంధనల్లో ఎక్కడా పార్శిల్ విప్పే వీడియో ప్రస్తావన లేదు. అది కంపెనీ సొంతంగా పెట్టుకున్న షరతు.

నిజమే, కొత్త వస్తువు తీసుకుని పాతది తిప్పి పంపే మోసగాళ్లూ ఉన్నారు. వాళ్లను పట్టుకోవలసిందే. అందుకు నిజాయతీగా కొన్న ప్రతివారినీ దొంగల్లా నిలబెట్టడం ఏం న్యాయం? మన బీసెంట్ రోడ్డులో బల్బు కొన్నా వెలిగించి చూపించి చేతిలో పెడతారు. మిక్సీ కొంటే తిప్పి చూపిస్తారు. సరుకును పరీక్షించి చూసుకునే అవకాశం కొనేవాడికి దక్కేదాకా అతను దాన్ని అంగీకరించినట్టు కాదని 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టమే చెబుతోంది. ఖరీదైన ఫోన్లు, టీవీలు ఇప్పటికే కొందరు గుమ్మం దగ్గరే విప్పి చూపించి ఇస్తున్నారు. గాజు, పింగాణీ సామాన్లకూ అదే పద్ధతి ఎందుకు పెట్టరు? మనిషి అక్కడ రెండు నిమిషాలు ఎక్కువ నిలబడాలి, అందుకే పెట్టరు. ఆ రెండు నిమిషాల ఖర్చు మన నెత్తిన వేస్తున్నారు.

చివరికి నేను 1915కు ఫోన్ చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడవచ్చు. తీర్పు చెప్పే కోర్టు కాదు, మన ఫిర్యాదును నమోదు చేసి కంపెనీ ముందు పెడుతుంది. అప్పటిదాకా నాతో యంత్రం చేత మాట్లాడించినవాళ్లు, ఆ తర్వాత మనిషి చేత ఫోన్ చేయించారు. మొదట డబ్బు యాప్ వాలెట్‌లో వేస్తామన్నారు. ఒప్పుకోలేదు. నేను బ్యాంకు ఖాతా నుంచి కట్టాను, అక్కడికే రావాలన్నాను. వచ్చింది.

అప్పటికీ రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామనుకున్నాను. కంపెనీ ఎక్కడున్నా సరే, మనం ఉండే ఊళ్లోనే కేసు వేయవచ్చు. కట్టిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలును పెట్టుకోవాలన్న నిబంధనా లేదు, ఫిర్యాదు ఆన్‌లైన్‌లో కూడా ఇవ్వవచ్చు. మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది గానీ, ఆచరణలో వాయిదాలు పడుతుంటాయి. కంపెనీల ధీమా కూడా అదే. ఆరేడు వందల రూపాయల కోసం ఎవరు తిరుగుతారులే అనుకుంటారు.

మా పక్కింటి పిన్నిగారు అలాగే వదిలేశారు. గృహప్రవేశానికని తెప్పించుకున్న పింగాణీ ప్లేట్లు సగం పగిలి వస్తే, "పోనీలేమ్మా, మన ఖర్మ" అని మిగిలినవి అటక మీద పెట్టేశారు. ఖర్మ ఏమిటి పిన్నిగారూ, అది మీ డబ్బు! కమిషన్‌లో కేసు వేయడానికి రెండేళ్ల గడువుంటుంది, ఆవిడ కొని ఇంకా ఏడాదైనా కాలేదు. ముందుగా ఈ రోజు ఆవిడ పక్కన కూర్చుని కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయించాను, బిల్లు, ఫొటోలు జతచేశాం. నెల దాటితే కమిషన్‌లో వేస్తాం. ఏ జవాబు వచ్చినా ఇక్కడే పెడతాను.