సవరణ: ఆఫ్రికా, యూరప్ ఇంటర్నెట్ లెక్కల్లో నా పొరపాటు

ప్రపంచ ప్రాంతాల్లో ఇంటర్నెట్ పెరుగుదల మీద రాసిన పోస్టులో "ఆఫ్రికా అందరికంటే వేగంగా పెరుగుతోంది, యూరప్‌తో తేడా తగ్గిపోతోంది" అన్నాను. వేగం మాట నిజమే. తేడా తగ్గిందనడం తప్పు. క్షమించండి.

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ లెక్కల ప్రకారం 2005లో ఆఫ్రికాలో నెట్ వాడేవారు నూటికి సుమారు ఇద్దరు, యూరప్‌లో దాదాపు 46 మంది. 2024లో ఆ సంస్థ ఇచ్చిన అంచనాలో ఆఫ్రికా 38కి, యూరప్ 91కి చేరాయి. అంటే ఆఫ్రికాలో వాడకందారుల శాతం పద్దెనిమిది రెట్లకు పైగా పెరిగింది, యూరప్‌లో రెండింతలే అయింది. అయినా నూటికి 44గా ఉన్న అంతరం 53 అయింది! నేను రెట్లు మాత్రమే చూశాను. ఇద్దరి నుంచి మొదలైనప్పుడు రెట్లు ఎప్పుడూ పెద్దగానే కనిపిస్తాయి.

"టవర్లు వేస్తే చాలు" అన్న వాక్యాన్నీ తీసేశాను. సిగ్నల్ అందని వాళ్లకంటే, సిగ్నల్ ఉన్నా వాడలేకపోతున్న వాళ్లే ప్రపంచంలో చాలా ఎక్కువ. ఫోన్ ధర, డేటా ఖర్చు, చదవడం రాకపోవడం, సొంత భాషలో సమాచారం దొరకకపోవడం వాళ్లను ఆపుతున్నాయి. ఈ సంగతి మొదటి పోస్టులోనే ఉండాల్సింది. పాత పట్టికలో ఇప్పుడు శాతాలు, రెట్లు రెండూ పక్కపక్కనే పెట్టాను.