గుప్తదానానికి రసీదు అడగొద్దు

దానం చేసి చెప్పుకోకూడదంటారు పెద్దలు. ఈ మాటను తు.చ. తప్పకుండా పాటిస్తున్నది మన పెద్ద కంపెనీలే. విరాళాల సంగతి కాదు, వాటికి ఫ్లెక్సీలు కడతారు. నేను చెప్పేది ప్రభుత్వానికి ఇచ్చే సలహాల గురించి. బొగ్గు మీదో, పొగ మీదో కొత్త నిబంధన వస్తోందని తెలిస్తే చాలు, ఢిల్లీ వెళ్లి నాలుగు మంచి మాటలు చెప్పి వస్తారు. ఏం చెప్పారో మాత్రం బయటపెట్టరు. అంత మొహమాటం.

2015 డిసెంబరు 7న, చెన్నైలో మేమింకా ఇళ్లలోంచి వరద నీళ్లు తోడుకుంటుండగా, కేంద్ర పర్యావరణ శాఖ థర్మల్ ప్లాంట్ల పొగలో గంధకానికి హద్దు పెట్టింది. గడువు రెండేళ్లు. అది 2022కి జరిగింది, మళ్లీ జరిగింది. చివరికి 2025 జూలైలో ఎక్కువ ప్లాంట్లకు ఆ హద్దే తీసేశారు, చిమ్నీ ఎత్తు సరిపోతే చాలన్నారు. గడువు తనంతట తాను అంత దూరం నడవదు కదా. చెయ్యి పట్టుకుని నడిపించిన మహానుభావులెవరో అందరినీ ఒకచోట చూసి దణ్ణం పెట్టుకుందామంటే ఆ జాబితా లేదు. అమెరికాలో 1995 నాటి చట్టం ప్రకారం లాబీయింగ్ చేసేవాళ్లు పేరు నమోదు చేసుకోవాలి. మన దగ్గర అలాంటి చట్టం లేదు, ఆ అవమానమూ లేదు.

దుబాయ్‌లో ఆ మర్యాద దక్కలేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మమ్మల్ని ముంచి బాపట్ల వైపు పోతున్నప్పుడు అక్కడ ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు జరుగుతోంది. ఎవరి తరఫున వచ్చారో చెప్పి తీరాలని సరిగ్గా ఆ ఏడాదే నిబంధన పెట్టారు. దాంతో బొగ్గు, చమురు, గ్యాస్ లాబీయిస్టులు 2,456 మంది ఉన్నారని ఒక ఉద్యమ కూటమి లెక్క తేల్చేసింది. సదస్సు అధ్యక్షుడే అబుదాబి చమురు కంపెనీ అధిపతి. ఇంటికొచ్చిన చుట్టాలను లెక్కపెట్టడం ఏం పద్ధతి?

మన స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీకి ఆ మర్యాద తెలుసు. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి ఏటా బీఆర్‌ఎస్‌ఆర్ (పార్టీ కాదు, కంగారు పడకండి) అనే వ్యాపార బాధ్యత, సుస్థిరతల నివేదిక ఇవ్వాలి. ప్రభుత్వ విధానాలను ప్రభావితం చేసేటప్పుడు బాధ్యతగా, పారదర్శకంగా ఉండాలన్నది అందులో ఏడో సూత్రం. ఎన్ని వాణిజ్య సంఘాల్లో సభ్యులో రాయడం తప్పనిసరి. ఏ విధానం కోసం పట్టుబట్టారో రాయడం మీ ఇష్టం.

వేళచ్చేరిలో మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ నెల్లూరు కుర్రాడు. ఆఫీసులో అతని పని ఈ నివేదికలే. ఇంటి దగ్గర మినిట్స్ రాశాడంటే లారీ నీళ్లు ఎవరు వద్దన్నారో, జనరేటర్ డీజిల్‌కి ఎవరు అడ్డుపడ్డారో ఫ్లాట్ నంబరుతో సహా ఉంటుంది. మొన్న వాన హెచ్చరిక రాగానే ఇద్దరం కార్లు ఫ్లైఓవర్ మీద పెట్టి నడిచొస్తుంటే అడిగాను, ఆ 'మీ ఇష్టం' పట్టికలో ఏం రాస్తావయ్యా అని.

"ఐదు గడులు అన్నా. ఏ విధానం, ఎట్లా చెప్పాం, జనానికి తెలుసా, బోర్డు ఎన్నాళ్లకోసారి చూస్తుంది, లింకు. ఐదింటికీ ఒకటే గీత."

"ఏటా గీతేనా?"

"అదేం లేదన్నా. ఈసారి పర్యావరణం మీద శ్రద్ధ పెరిగింది. గీత ఆకుపచ్చ రంగులో ఉండాలన్నారు."