కార్జం పెట్టి నోరు మూయించే విధానం

మా మేనల్లుడు బెంగళూరు జీకేవీకే క్యాంపస్‌లో ఒక ల్యాబ్‌లో పురుగులకు కార్జం తినిపిస్తాడు. అందుకు ఫెలోషిప్ కూడా ఇస్తున్నారు. చీరాలలో మా అక్క మాత్రం కార్జం సంగతి దాచి, 'సైంటిస్టు' అని చెప్పుకుంటోంది.

పురుగు పేరు ప్లనేరియా. మంచినీళ్లలో బతుకుతుంది, గోరంత ఉంటుంది, నోరు పొట్ట మధ్యలో. దాన్ని వారం పస్తుంచి, మెత్తగా రుబ్బిన కార్జంలో జంట పేటల ఆర్‌ఎన్‌ఏ, కాస్త రంగు కలిపి పెడతారు. ఏది తిన్నదో ఏది అలిగిందో పొట్ట రంగే చెబుతుందట. లోపలికెళ్లిన ఆర్‌ఎన్‌ఏని డైసర్ అనే ఎంజైమ్ కొత్తిమీర తరిగినట్టు తరుగుతుంది. ఆ ముక్కలు తమకు జతపడే జీన్ పంపిన కబురును దారిలోనే చింపిస్తాయి. జీన్ ఉంటుంది, దాని మాట చెల్లదు. ఇంట్లో నా హోదాకి 'ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫియరెన్స్' అనే శాస్త్రీయ నామం ఉందని అప్పుడే తెలిసింది. దీన్ని 1998లో వేరే పురుగులో బయటపెట్టిన ఫైర్, మెలోలకు 2006లో నోబెల్ వచ్చింది.

సహకారనగర్‌లోని మా అపార్ట్‌మెంట్ సంఘం కార్జం ఖర్చు లేకుండానే ఈ పని చేసేసింది. మూడో అంతస్తు పిన్నిగారు రోజూ తెల్లారి ఐదున్నరకి "ట్యాంకు నిండింది, మోటారు ఆపండి" అని గ్రూపులో పెట్టేవారు. నిద్ర పాడవుతోందని సెక్రటరీ ఆవిణ్ని తీసేశాడు. నాలుగో రోజు ట్యాంకు పొంగి లిఫ్టులోకి నీళ్లొచ్చాయి. ల్యాబ్ లెక్కన ఇది అద్భుతమైన ఫలితం. నోరు నొక్కితేనే కదా, అది అంతకాలం ఏం చేస్తోందో తెలిసేది!

"మరి కంట్రోల్ ఏది మావయ్యా?" అన్నాడు వాడు. కంట్రోల్ అంటే పోల్చి చూడటానికి పెట్టుకునేది. వాళ్లు పక్క గిన్నెలో పురుగులకు, జెల్లీఫిష్‌ను పచ్చగా మెరిపించే జీన్ తాలూకు ఆర్‌ఎన్‌ఏ పెడతారట. ఆ జీన్ ప్లనేరియాలో లేనే లేదు కాబట్టి ఏ మార్పూ రాకూడదు. మా ట్రెజరర్‌ని చూపించాను. ఆయన ఆర్నెల్లుగా మాట్లాడటం లేదు, ఏ మార్పూ లేదు.

బీటా-కెటెనిన్ అనే జీన్ నోరు మూసి తోక కోస్తే, తోక స్థానంలోనూ తలే మొలుస్తుందని 2008లో తేలింది. మొన్న ఆదివారం మావాళ్లు సెక్రటరీని కోశారు. ఇప్పుడు ఇద్దరు అధ్యక్షులు, రెండు గ్రూపులు. రెండింటివాళ్లూ పిన్నిగారిని బతిమాలి చేర్చుకున్నారు. ఆవిడ రెండింటిలోనూ తెల్లారి ఐదున్నరకి గుడ్ మార్నింగ్ పువ్వు మాత్రం పెడుతున్నారు.