ఫార్మాట్ కొడ్తె సాఫ్ అయితది

మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో వేసే చేపమందు ఉబ్బసానికి మాత్రమే పనికొస్తుందట, అదీ ఏడాదికోసారి. ఫార్మాట్, అంటే డ్రైవ్ తుడిచేసి విండోస్ మళ్లీ ఎక్కించడం, అంత అల్పమైన మందు కాదు. పార్క్‌లేన్ నుంచి అమీర్‌పేట దాకా ఏ సందులోని రిపేరు షాపులోనైనా, ఏ పూటైనా దొరుకుతుంది. ల్యాప్‌టాప్ వేడెక్కినా ఫార్మాటే, ఛార్జింగ్ ఎక్కకపోయినా ఫార్మాటే, కీబోర్డు మీద చాయ్ ఒలికినా ఫార్మాటే. ఇక వైఫై డ్రైవర్ (వైఫై భాగాన్ని నడిపించే ప్రోగ్రాము) చెడి, పూటకోసారి విండోస్ కుప్పకూలి నీలితెర పడే రోగికి వేరే మందు రాయడమంటే శాస్త్ర ద్రోహమే.

ఆ నీలితెర మీద ఏముంటుందో ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే మన రిపేరు శాస్త్రజ్ఞులు దాన్ని చదవరు. కంప్యూటర్ పోతూ పోతూ తనను చంపిందెవరో రాసి మరీ పోతుంది. పైన స్టాప్ కోడ్: 'డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్'. చాలాసార్లు దాని కిందే 'వాట్ ఫెయిల్డ్' అని ఒక లైను, పక్కన ఫైలు పేరు. ఆ పేరు 'నెట్‌డబ్ల్యూటీడబ్ల్యూ' అని మొదలైతే ఇంటెల్ వైఫై డ్రైవర్, 'ఆర్‌టీడబ్ల్యూ' అని మొదలైతే రియల్‌టెక్‌ది. 2012లో విండోస్ 8తో మైక్రోసాఫ్ట్ వాళ్లు ఆ తెర మీద ఏడుపు మొహం పెట్టారు, తర్వాత క్యూఆర్ కోడ్ తగిలించారు, 2025లో రెండూ పీకేసి నీలాన్ని నలుపు చేశారు. ఫైలు పేరు మాత్రం ఉంచారు. అమాయకులు, ఎవరో ఒకరు చదువుతారనుకున్నారు.

"అన్నా, దీంట్ల ఏదో ఫైల్ పేరు పడ్డది," అని కస్టమర్ ఫోన్‌లో ఫొటో చూపిస్తాడు.

"అది అట్లనే పడ్తదన్నా. విండోస్ కరాబైంది."

"వైఫై ఆన్ చేస్తెనే బంద్ అయితుంది మరి."

"గదే కదా, వైఫైలకెళ్లి వైరస్ వచ్చింది. ఫార్మాట్ కొడ్తె సాఫ్."

"మరి డేటా?"

"సీ డ్రైవ్ ఒక్కటే పోతదన్నా. డీ సేఫ్."

కార్యక్రమం మొదలవుతుంది. కొత్త విండోస్ 11 సగంలో ఆగి, నెట్‌వర్క్‌కు కనెక్ట్ అవ్వమంటుంది. వైఫై డ్రైవర్ ఇంకా పడలేదు కాబట్టి వైఫై కనిపించదు. డ్రైవర్ కావాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి. నిపుణుడు తన ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేస్తాడు. వైఫై లేని ల్యాప్‌టాప్‌కు హాట్‌స్పాట్! అదే ఫోన్‌ను కేబుల్‌తో గుచ్చి యూఎస్‌బీ టెథరింగ్ నొక్కితే పని అయిపోతుంది, ఆండ్రాయిడ్ టెథరింగ్‌కు కావలసిన డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది. కానీ ఆ కేబుల్‌తో ఇంకో కస్టమర్ ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది. చివరికి సొరుగులోంచి ఒక పెన్ డ్రైవ్, అందులోంచి ఏ కాలందో తెలియని 'డ్రైవర్ ప్యాక్' బయటికొస్తాయి. విండోస్ లేస్తుంది, డబ్బులు చేతులు మారతాయి. ఇంటికి వెళ్లి వైఫై కలపగానే విండోస్ అప్‌డేట్ బుద్ధిగా తన పని తాను చేసుకుంటూ ఆ చెడిపోయిన వెర్షన్‌నే మళ్లీ తెచ్చి పెడుతుంది. రాత్రికి నీలితెర. తెల్లారి కౌంటర్ దగ్గర కొత్త రోగ నిర్ధారణ: "ర్యామ్ పోయిందన్నా." ఆ తర్వాత మదర్‌బోర్డు. ఆ తర్వాత, "ఎక్స్‌ఛేంజ్‌ల ఇచ్చేయ్, మంచి రేటు ఇప్పిస్త."

అసలు జరిగేది ఇంతే. నెట్‌వర్క్ ప్యాకెట్లను అందుకునే డ్రైవర్ కోడ్ చాలా భాగం మిగతా ప్రోగ్రాముల కన్నా పై స్థాయిలో నడుస్తుంది (స్టాప్ కోడ్‌లోని ఐఆర్‌క్యూఎల్ అంటే ఈ స్థాయే). ఆ స్థాయిలో ఉండగా, డిస్కులోకి వెళ్లిపోయిన మెమరీ ముక్కను, అంటే పేజీని, వెనక్కి తెప్పించుకునే వీలు లేదు. సరిగా రాయని డ్రైవర్ అలాంటి పేజీనో, ఎప్పుడో వదిలేసిన చిరునామానో ముట్టుకుంటే విండోస్ కావాలనే అక్కడికక్కడ ఆగిపోతుంది, ఇంకా నడిస్తే మీ ఫైళ్లు పాడవుతాయని. పెద్ద డౌన్‌లోడ్ మధ్యలోనో, స్లీప్ నుంచి లేచినప్పుడో ఎక్కువగా పడేది అందుకే. ఇందులో వైరస్ ఎక్కడుంది?

ఫైలు పేరు 'ఎన్‌డీఐఎస్', 'నెట్‌ఐఓ', 'టీసీపీఐపీ' అని పడితే తొందరపడకూడదు. అవి మైక్రోసాఫ్ట్ సొంత ఫైళ్లు, సాధారణంగా వాటి నెత్తిన పడిన నేరం ఇంకొకరిది: వైఫై డ్రైవర్, వీపీఎన్, లేదా యాంటీవైరస్ దూర్చిన నెట్‌వర్క్ ఫిల్టర్. అది తేల్చేది సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపలి 'మినీడంప్'. క్రాష్‌కొక చిన్న ఫైలు అక్కడ పడి ఉంటుంది. ఉచితంగా దొరికే బ్లూస్క్రీన్‌వ్యూతో తెరిచినా చాలు. మైక్రోసాఫ్ట్ వాళ్ల డీబగ్గర్ విన్‌డీబీజీ పట్టుకోగలిగితే అనలైజ్ కమాండ్ కొట్టి, స్టాక్‌లో (పడిపోయే ముందు నడుస్తున్న కోడ్ జాబితాలో) మైక్రోసాఫ్ట్‌ది కాని పేరు ఎవరిదో చూడాలి. మూడు నాలుగు డంపుల్లో ఒకే డ్రైవర్ కనిపిస్తే దొంగ దొరికినట్టే. ప్రతిసారీ వేరే పేరు, వేరే కోడ్ అయితే అప్పుడు ర్యామ్‌ను అనుమానించి మెమ్‌టెస్ట్86 నడపాలి. ముందు పరీక్ష, ఆ తర్వాతే "ర్యామ్ పోయిందన్నా".

ఫార్మాట్ మొదట తుడిచేసేది ఈ మినీడంప్‌నే. పాత మంచి డ్రైవర్‌ను కూడా తుడిచేస్తుంది, ఆ తర్వాత డివైస్ మేనేజర్‌లో పాత వెర్షన్‌కు తిప్పే 'రోల్ బ్యాక్ డ్రైవర్' బటన్ మసకబారి నొక్కనివ్వదు.

ఇక ఆ "సీ డ్రైవ్ ఒక్కటే పోతది" అన్న మాట. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ ఇవన్నీ మామూలుగా ఉండేది సీ డ్రైవ్‌లోనే. మామూలు మనిషి డీ డ్రైవ్ మొహం కూడా చూడడు. పిల్లాడి ప్రాజెక్టు, షాపు లెక్కలు, పోయిన నాన్న ఫొటోలు డెస్క్‌టాప్ మీదే ఉంటాయి. ఐదు నిమిషాల్లో వెనక్కి తిప్పగలిగే ఒక డ్రైవర్ కోసం, చదవడానికి బద్ధకించి, వాటిని తుడిచేసి పైగా కూలి పుచ్చుకుంటారా? ఇది రిపేరా? ముందు బ్యాకప్ తీసుకున్నారా అని ఒక్క మాట అడగడానికి ఏ సర్టిఫికెట్ కావాలి? డ్రైవ్‌కు తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల కీ అడిగితే దాన్నీ వైరస్ అనేసి తుడిచేసే మహానుభావులున్నారు! ఆ కీ చాలామందికి వాళ్ల మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే దొరుకుతుంది.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ ఒకటి దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లను పడగొట్టింది, శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అప్పుడు చెప్పిన వైద్యం: సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక్క ఫైలు తీసేయండి, రీస్టార్ట్ చేయండి. 85 లక్షల ఫార్మాట్ల బేరం పోయిందని మన సందుల్లో ఎంత బాధపడ్డారో!

డ్రైవర్‌కూ వైద్యం ఆ పద్ధతే. డివైస్ మేనేజర్‌లో వైఫైని డిజేబుల్ చేసి, టెథరింగ్ మీద రెండు రోజులు నడపండి. క్రాష్ ఆగితే రోల్ బ్యాక్ చేయండి. అది కుదరకపోతే డ్రైవర్‌ను తీసేసే గడి టిక్ పెట్టి అన్‌ఇన్‌స్టాల్ చేసి, ల్యాప్‌టాప్ కంపెనీ సైటులో మీ మోడల్ నంబర్‌కు ఉన్న డ్రైవర్ వేయండి, ముందే పెన్ డ్రైవ్‌లో దించుకుని. డ్రైవర్లన్నీ తామే అప్‌డేట్ చేస్తామనే డ్రైవర్ బూస్టర్ల జోలికి పోవద్దు. పూర్తిగా లేవకముందే పడిపోతుంటే స్టార్టప్ సెట్టింగ్స్‌లో 4 (సేఫ్ మోడ్) నొక్కండి, 5 కాదు. 5లో నెట్‌వర్కింగ్ కూడా లేస్తుంది, దాంతోపాటు ఆ డ్రైవరూ లేస్తుంది. సిస్టమ్ ఫైళ్లను సరిచూసే ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ కమాండ్ కొట్టి కూర్చోవడం కాలక్షేపం, అది మైక్రోసాఫ్ట్ ఫైళ్లనే చూస్తుంది. ఆఖరున, విండోస్ ఆ చెడ్డ డ్రైవర్‌ను మళ్లీ తేకుండా, సిస్టమ్ ప్రాపర్టీస్, హార్డ్‌వేర్, డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్‌లో 'నో' పెట్టండి. ప్రో ఎడిషన్ అయితే గ్రూప్ పాలసీలో అప్‌డేట్లతో డ్రైవర్లు రాకుండా ఆపండి.

అయినా కౌంటర్ దాకా వెళ్లక తప్పకపోతే, మినీడంప్ ఫోల్డర్ కాపీ ఒకటి పెన్ డ్రైవ్‌లో మీ జేబులో పెట్టుకోండి. మెషీన్ అప్పగించే ముందు, ఈ ఫైళ్లు తెరిచి దోషి పేరు చెప్పమనండి. "అవెందుకన్నా, ఫార్మాట్ కొడ్త కదా" అంటే ల్యాప్‌టాప్‌ను బ్యాగులోంచి తీయకండి.