ఒక బెజ్జానికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బెజ్జం గారికి,

నల్లగొండ దేవరకొండ రోడ్డులోని ఓ రేకుల షెడ్డు నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. అంటే మీరు కులాసా, నా నడుము కాదు.

మీరెవరో నలుగురికీ చెప్పాలి. మా నాయిన సాగర్ కాల్వ వెంట పొలాలకు తిప్పిన 1972 నాటి బుల్లెట్ 350 ఛాసిస్‌లో, వెనక ప్లేటు అడుగున, వేలితో తడిమితే తప్ప తెలియని చోట తమరి నివాసం. మిగతా బెజ్జాలు ఇంజిన్‌ను బిగించే బోల్టులను మర్యాదగా లోపలికి రానిచ్చాయి. తమరు మాత్రం ఇంజిన్ వైపు బెజ్జం ముఖం చూడటానికే ఒప్పుకోలేదు. అటో అర్ధచంద్రం, ఇటో అర్ధచంద్రం. మధ్యలో టార్చిలైటు పట్టుకుని నేను.

ఏం తక్కువ చేశామండీ? నాలుగు నెలలు ఆ ఇంజిన్ వెంట తిరిగాం. కనెక్టింగ్ రాడ్డు మార్చాం, వాల్వులు గ్రైండ్ చేయించాం, లేత్ దగ్గర 40 సైజు బోరు కొట్టించాం, అంటే సిలిండరు లోపలి రంధ్రాన్ని అంగుళంలో నలభై వెయ్యో వంతులు వెడల్పు చేయించాం. పుట్టినప్పుడు 70 మిల్లీమీటర్లున్న బోరు ఇప్పుడు 71. యాభై ఏళ్ల పోత ఇనుప సిలిండరే ఒక మిల్లీమీటరు సర్దుకుంది. తమరు అర మిల్లీమీటరు దగ్గర భీష్మించుకు కూర్చున్నారు. మా జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగింది మనుషులకు. మీరు ఏం తాగారని వంకరపోయారు?

ఇంజిన్ ఎక్కించే రోజు పెయింటు గీసుకుపోకుండా ఛాసిస్‌కు పాత లుంగీలు చుట్టాం. ముగ్గురం ఎత్తాం, నాలుగో మనిషి చెప్పడానికి నిలబడ్డాడు. మా దగ్గర ఏ పనికైనా చెప్పేటాయన ఒకరు ఉంటారు. "జర ఎడమకు" అన్నాడు. ఎవరి ఎడమకో చెప్పలేదు.

పొద్దుగూకేసరికి ఆయనే "డ్రిల్ పెట్టి వెడల్పు చేస్తే అయిపోతది" అని తీర్పిచ్చాడు. నిజం చెప్తున్నా, డ్రిల్ మిషన్ ప్లగ్గులో పెట్టాను కూడా. కానీ బోల్టు వదులైతే సింగిల్ సిలిండరు అదురుకు తమరు కొన్నాళ్లలో కోడిగుడ్డు ఆకారానికొస్తారు. పైగా 50 ఏళ్లు దాటిన బండి వింటేజ్ అనిపించుకోవాలంటే ఛాసిస్‌లో, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదని 2021లో కేంద్రం రూలు తెచ్చింది. ఒక బెజ్జం వెడల్పు కావడం పెద్ద మార్పేనా? ఆఫీసుకు పోయి అడిగితే ముందు ఒక ఫారం నింపమంటారు.

మర్నాడు మెకానిక్ చాచా వచ్చాడు. ఆయన దావత్‌కు పోయినప్పుడే మేం ఈ ఘనకార్యం చేసింది. ఒక్క చూపు చూసి, "బెజ్జంది ఏం తప్పు సార్? మీరే మూడు బోల్టులు ముందుగాల బిగించిన్రు" అన్నాడు.

ఈ బండి ఛాసిస్‌కు ఇంజిన్ కింద పైపు ఉండదు. ముందు పైపుకూ వెనక ప్లేట్లకూ మధ్య ఇంజినే వంతెన. నాలుగు నెలలు ఆ వంతెన లేకుండా స్టాండు మీద నిలబెడితే రెండు కొసలూ కాస్త జరుగుతాయి. అందుకే అన్ని బోల్టులూ వదులుగా తొడిగి, అన్నీ దూరాకే బిగించాలి. చాచా మూడింటినీ వదులు చేశాడు. కింద జాకీ పెట్టి కొంచెం లేపాడు. సన్నమొన రాడ్డు దూర్చి రెండు దెబ్బలు, అంతే. అర్ధచంద్రాలు రెండూ పున్నమి చంద్రుడయ్యాయి. బోల్టు వేలితో తోస్తే పోయింది.

కాబట్టి నిన్న సాయంత్రం తమరినీ, తమరిని చేసిన ఫ్యాక్టరీనీ, ఆ పక్కనే ఉన్నారు కాబట్టి మా బావమరిదినీ నేనన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. బావమరిదివి తప్ప.

లేఖ ఇక్కడితో ముగిద్దామనుకుంటుండగా షెడ్డులో పిల్లగాడు బండి కిందనుంచి తల బయటపెట్టి, "సార్, బోల్టు తల కింద వాషర్ ఎయ్యలే" అంటున్నాడు. మళ్లీ బయటికి లాగుతున్నాం. రెండు నిమిషాలు, తమరు దయచేసి కదలకండి.

ఇట్లు,
తమ విధేయుడు