పాత రాకెట్‌కి కొత్త ట్యూనర్లా?

(షికాగో శివార్లలో ఓ ఇంటి బేస్‌మెంట్. బల్ల మీద గరాజ్ సేల్‌లో కొన్న గిటార్, హార్మనీ కంపెనీ వాళ్ల రాకెట్ మోడల్. తల మీద తీగలు బిగించి శృతి చేసే ఆరు ట్యూనర్లలో రెండింటి ప్లాస్టిక్ బొత్తాలు పిండిలా రాలిపోయాయి. అసలువే వెతుకుదామంటాడు బావ. కొత్త సెట్ బిగించెయ్యమంటాడు బావమరిది.)

బావమరిది: మూడు నెలలైంది బావా. రెండు బొత్తాల కోసం గిటార్ మూగదైపోయింది. కటింగ్ ప్లయర్‌తో శృతి చేస్తున్నావు, చూడలేకపోతున్నాను. కొత్త సెట్ తెప్పిస్తే గంట పని.

బావ: ఆ కొత్తవాటికి పది మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. దీనికున్నవి అంతకంటే చిన్నవి. డ్రిల్ పెట్టి తీసిన చెక్క మళ్లీ వస్తుందా? ఇది ఈ ఊళ్లో పుట్టిన గిటార్రా. హార్మనీ ఫ్యాక్టరీ 1975లో మూతబడింది. ఆ పేరుతో మళ్లీ గిటార్లు వస్తున్నాయి గానీ ఆ ఫ్యాక్టరీ రాదు.

బావమరిది: ఇదేమన్నా త్యాగరాజు తంబూరానా? కుర్రాళ్లు నేర్చుకోవడానికి కొనుక్కున్న చవక గిటార్. డ్రిల్ వద్దంటే, చిన్న రంధ్రంలో పట్టే పాత మోడల్ ట్యూనర్లు కొత్తగా చేస్తున్నారు. స్క్రూలు కాస్త పక్కకి జరుగుతాయి, అంతే.

బావ: ఇవాళ స్క్రూ, రేపు వాల్యూమ్ తిప్పే పాట్, ఎల్లుండి తీగల మోత పట్టే పికప్. వాల్యూమ్ గరగరలాడుతోందని మొన్న పాట్ పీకబోయావు. దాని వీపు మీద అంకె చూశావా? 1376432. 137 అంటే సీటీఎస్ కంపెనీ, 64 అంటే సంవత్సరం, 32 అంటే వారం. ఈ గిటార్ 1964 ఆగస్టు కంటే ముందు పుట్టలేదని చెప్పే జాతకం అదొక్కటే. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పితే గరగర పోయిందా లేదా?

బావమరిది: పోయింది. ఆ రోజు తప్పు నాదే. మరి నీకు కావలసిన అసలు బొత్తాలు ఎక్కణ్ణుంచి రావాలి? ఎవడో ఇంకో రాకెట్‌ని విప్పి ముక్కలుగా అమ్మితేనే కదా! ఈ డీఆర్మండ్ గోల్డ్ ఫాయిల్ పికప్‌ల కోసం ఎన్ని హార్మనీల పొట్ట కోశారో నాకంటే నీకే బాగా తెలుసు. నువ్వు కొనేకొద్దీ వాళ్లు విప్పుతారు.

బావ: (కాసేపు మాట్లాడడు.) మెడ విరిగినవి కూడా ఉంటాయి. వాటివి తీసుకుంటే తప్పేంటి?

బావమరిది: అమ్మేవాడు పెట్టే ఫొటోలో మెడ ఉండదుగా! సరే, ఇంకోటి. అన్నీ అసలువే ఉండాలనే మనిషివి, తీగలు మీటడానికి చేతిలో ఆ చెక్క పిక్ ఏంటి? 1964లో దీన్ని వాయించినవాడి దగ్గర సెల్యులాయిడ్ పిక్ ఉండి ఉంటుంది.

బావ: పిక్ గిటార్‌లో భాగం కాదు, నా వేలిలో భాగం. ఇలా పట్టుకో. రోజ్‌వుడ్ తుక్కులోంచి కోసుకున్నాను. చెక్క గీతలు మొన వైపుకి సాగాయి చూడు. అడ్డంగా ఉంటే రెండో పాటకే మొన ఊడిపోతుంది. ప్లాస్టిక్ తీగకి తగిలినప్పుడు వచ్చే ఆ ‘టిక్’ దీనికి బాగా తక్కువ. సరోద్ వాయించేవాళ్లు కొబ్బరి చిప్ప ముక్కతో మీటుతారు, అదేమన్నా నామోషీనా? తాబేలు చిప్ప పిక్‌లు ఇష్టపడినవాళ్లకి ఆ దారీ మూసుకుపోయింది. ఆ చిప్ప వచ్చే హాక్స్‌బిల్ తాబేలు అంతర్జాతీయ వ్యాపారం 1970లలోనే నిషేధమైంది.

బావమరిది: లావు తీగల మీద గంటసేపు గట్టిగా వాయించు, అంచు రంపంలా అవుతుంది. మళ్లీ ఎమరీ పేపర్, మళ్లీ నూనె.

బావ: అరిగితే అరుగుతుంది. ఇంకోటి కోసుకుంటాను.

బావమరిది: ఇప్పుడన్నావు చూడు, అదే నేనూ అంటోంది! అరిగేది అరిగింది, మార్చు. ట్యూనర్ల రేకు, పళ్లచక్రం, ఇరుసు అన్నీ బాగానే ఉన్నాయి. రాలింది బొత్తాలే. ఇరుసు కొసని సాల్డరింగ్ ఐరన్‌తో వేడిచేసి కొత్త బొత్తం నొక్కితే, లోపలి ప్లాస్టిక్ కాస్త కరిగి కూర్చుంటుంది. డ్రిల్ లేదు, స్క్రూ లేదు.

బావ: నాలుగు పసుపు తిరిగినవి, రెండు పాలతెలుపువి. కట్టుడుపళ్లలా ఉంటుంది.

బావమరిది: టీ డికాషన్‌లో రాత్రంతా నానబెడదాం. రంగు పడుతుంది.

బావ: పడకపోతే?

బావమరిది: ఇంకో రాత్రి.

బావ: ...సరే, ఐరన్ ప్లగ్‌లో పెట్టు. ముందు ఒక్క బొత్తమే. గిన్నె మాత్రం పాతది తీసుకో, మీ అక్క చూసిందంటే ఇద్దరికీ రేపు కాఫీ ఉండదు.